స్నేహితులతో సైకిల్ మీద యూరప్: ఆమ్‌స్టర్‌డామా, కోపెన్‌హాగనా, బెర్లినా, పారిసా?

ఈస్టర్ సెలవులు దగ్గరపడుతున్నాయంటే యూరప్‌లో ఉన్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. ఒకడు డెల్ఫ్ట్‌లో చదువుతుంటాడు, ఒకడికి మ్యూనిక్‌లో ఉద్యోగం, ఒకమ్మాయి డబ్లిన్‌లో ఉంటుంది, హైదరాబాద్ నుంచి ఇంకొకడు సెలవు పెట్టుకుని వస్తానంటాడు. "ఈసారి బస్సులూ మెట్రోలూ వద్దు, సైకిళ్ల మీద తిరుగుదాం" అన్నంతవరకూ అందరిదీ ఒకే మాట. ఏ ఊరు అన్న దగ్గరే తెగదు. చివరికి ఎవరో విసిగిపోయి "సైకిలంటే ఆమ్‌స్టర్‌డామే కదా" అంటారు. టికెట్లు బుక్ అయిపోతాయి.

అక్కడే తొందరపడొద్దంటాను. ఊరు తేల్చేముందు గ్రూపులో ఒక్క ప్రశ్న వేయండి: ఆఖరిసారి ఎవరు ఎప్పుడు సైకిల్ తొక్కారు? "టెన్త్‌లో" అని ఎవరైనా అన్నారంటే, ఊరు ఎంచుకోవాల్సింది ఆ మనిషిని బట్టే. నలుగురు కలిసి తిరగడానికి వెళ్లి, ఇద్దరు ముందు దూసుకుపోయి, ఒకరు సిగ్నల్ అవతల చిక్కుకుని, నాలుగో మనిషి సైకిల్ నడిపించుకుంటూ వస్తే ఇక స్నేహితులతో వెళ్లి లాభమేముంది? సైకిల్ దారులు ఎన్ని కిలోమీటర్లు ఉన్నాయన్న లెక్కకంటే, తడబడే మనిషిని ఆ ఊరు ఎంతవరకు భరిస్తుందన్నదే చూడాలి. ఆ లెక్కన చూస్తే పేరున్న ఊళ్ల వరుస కాస్త తారుమారవుతుంది.

మరో సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. ఐర్లండ్, బ్రిటన్ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల జట్టులో, లేవు. అక్కడి రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా, భారతీయ పాస్‌పోర్ట్ మీద నెదర్లాండ్స్‌కో డెన్మార్క్‌కో రావాలంటే షెంగెన్ వీసా తీసుకోవాల్సిందే. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. కాబట్టి డబ్లిన్ అమ్మాయి అపాయింట్‌మెంట్ తీసుకునేలోపే ఊరు తేలాలి.

ఏ ఊరైనా మనకు తికమక పెట్టేవి

మొదటిది కుడి, ఎడమ. ఇక్కడ కుడివైపు వెళ్లాలి, ముందువాళ్లను ఎడమ నుంచి దాటాలి. తిన్నగా పోయినంతసేపు బాగానే ఉంటుంది. చిక్కల్లా ఎడమకి తిరిగేటప్పుడే. మన దగ్గర ఎడమ మలుపు తేలిక, ఏ బండినీ దాటకుండా తిరిగిపోతాం. ఇక్కడ అదే మలుపుకి ఎదురొచ్చే బళ్లన్నిటినీ దాటాలి. చిన్నప్పటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు రెండు గంటల్లో పోదు, అలసిపోయాక మళ్లీ పైకి వస్తుంది కూడా. ఎడమ మలుపుని ఏ ఊరు ఎలా తీసుకోమంటుందో చూసుకోవడం అందుకే ముఖ్యం. కోపెన్‌హాగన్ దగ్గర మళ్లీ దీనికి వస్తాను.

రెండోది బ్రేకు. ఆమ్‌స్టర్‌డామ్‌లో అద్దెకిచ్చే మామూలు సైకిళ్లలో చాలావాటికి హ్యాండిల్ మీద బ్రేకులే ఉండవు, ఉంటే ముందు చక్రానికి ఒకటి ఉంటుంది. వెనక బ్రేకు పెడల్‌లోనే ఉంటుంది. పెడల్‌ని వెనక్కి నొక్కితే వెనక చక్రం పట్టేస్తుంది. మనకేమో వాలులో దిగేటప్పుడు ఊరికే పెడల్ వెనక్కి తిప్పుతూ చైన్‌ని కిర్రుమనిపించే అలవాటు. అలా తిప్పబోతే సైకిల్ గక్కున ఆగుతుంది, వెనకొచ్చేవాడు మీమీదకి వస్తాడు. ఇందులోనే ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఇంకోటుంది. సిగ్నల్ దగ్గర ఆగాక మళ్లీ బయల్దేరడానికి పెడల్‌ని వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోవడం కుదరదు, అది బ్రేకు కదా. ఆగేటప్పుడే ఒక పెడల్ కాస్త పైకి ఉండేలా చూసుకుని ఆగాలి. లేదంటే సీటు పట్టుకుని వెనక చక్రాన్ని రవ్వంత లేపి, పెడల్‌ని ముందుకి తిప్పుకోవాలి. షాపు ముందే పది నిమిషాలు ఇది సాధన చేయండి. ఇబ్బందిగా ఉంటే హ్యాండ్ బ్రేకులూ గేర్లూ ఉన్న సైకిల్ అడగండి. రోజుకి రెండు మూడు యూరోలు ఎక్కువవుతుంది, అంతే.

సీటు సంగతీ అంతే. డచ్ వాళ్లు పొడుగు మనుషులు, సైకిళ్లూ వాళ్లకి తగ్గట్టే ఉంటాయి. సీటు పూర్తిగా దించినా కాలు నేలకి ఆనకపోతే మొహమాటపడకుండా చిన్న ఫ్రేమ్ ఇమ్మనండి. "సర్దుకుపోతాలే" అన్న మనిషే మధ్యాహ్నానికల్లా తొక్కలేనని కూర్చుంటాడు.

హెల్మెట్ ఈ నాలుగు ఊళ్లలోనూ పెద్దవాళ్లకు తప్పనిసరి కాదు. కావాలంటే షాపులో అడిగితే ఇస్తారు. ఫోన్ చేత్తో పట్టుకుని తొక్కడం మాత్రం నాలుగు చోట్లా నేరమే.

ఆమ్‌స్టర్‌డామ్: పేరు ఎంత గొప్పదో ఒత్తిడి అంత ఎక్కువ

సైకిల్‌కి ఇంతకంటే అలవాటుపడ్డ రాజధాని యూరప్‌లో దొరకడం కష్టం, ఆ మాట నిజమే. రైక్స్ మ్యూజియం భవనం కిందుగా, దాని కమానుల మధ్యనుంచే సైకిళ్లు దూసుకుపోతుంటాయి. సెంట్రల్ స్టేషన్ ముందు నీళ్ల అడుగున 7,000 సైకిళ్లు పట్టే స్టాండు 2023లో తెరిచారు, మొదటి 24 గంటలు ఉచితం. 2023 డిసెంబర్ నుంచి ఊళ్లో చాలా వీధుల్లో కార్లకి గంటకు 30 కిలోమీటర్లే పరిమితి.

కానీ ఆ దారుల మీద తొక్కేవాళ్లు విహారానికి వచ్చినవాళ్లు కారు. ఆఫీసుకీ, బడికీ, కూరగాయలకీ వెళ్తుంటారు. వాళ్లు వేగం తగ్గించరు, బెల్ ఒకసారే కొడతారు. మీరు కాలువ వంతెన మీద ఫోటో కోసం గక్కున ఆగితే వెనక ఐదుగురికి చికాకు. దీనికితోడు ట్రామ్ పట్టాలు. వాటిని అడ్డంగా, సూటిగా దాటాలి. పట్టాకి సమాంతరంగా వెళ్లి చక్రం ఆ సందులో ఇరుక్కుంటే పడటం ఖాయం. రోడ్డు మీద తెల్లటి త్రికోణాల వరుస మొన మీవైపు తిరిగి ఉంటే దారి ఇవ్వాల్సింది మీరు. అలాంటి గుర్తూ సిగ్నలూ ఏమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లది ముందు హక్కు. బాగా తొక్కేవాడికి ఇవన్నీ ఒక పూటలో వచ్చేస్తాయి. పదేళ్ల తర్వాత సీటెక్కినవాళ్లకి సమయం పడుతుంది, ఆ సమయాన్ని ఈ ఊరు ఇవ్వదు.

అయినా ఆమ్‌స్టర్‌డామే కావాలంటే నేను చెప్పే దారి ఒకటుంది. సైకిల్ తీసుకోగానే డామ్రాక్ వైపు, అంటే ఊరి నడిబొడ్డుకి, అస్సలు తిప్పొద్దు. సెంట్రల్ స్టేషన్ వెనక్కి వెళ్లండి. ఐ అనే జలమార్గం దాటించే పడవలు అక్కడే ఉంటాయి. మనుషులకీ సైకిళ్లకీ టికెట్ లేదు. బౌక్స్‌లోటర్‌వెఖ్ వెళ్లే పడవ ఎక్కితే కొద్ది నిమిషాల్లో ఉత్తర ఒడ్డు. అక్కడి నుంచి న్యూవెండామ్ గట్టు మీద పాత చెక్క ఇళ్ల పక్కగా, డుర్గర్‌డామ్ అనే నీటి ఒడ్డు పల్లెకి, అట్నుంచి రాన్స్‌డార్ప్, బ్రూక్ ఇన్ వాటర్‌లాండ్ మీదుగా చుట్టి రావచ్చు. రెండు పక్కలా పచ్చిక, నీటి కాలువలు, ఆవులు. ఎగుడు లేదు, ట్రామ్ లేదు. సుమారు 25 కిలోమీటర్లు, ఆగుతూ సాగుతూ వెళ్తే ఒక రోజు సరిపోతుంది. ఎదురుగాలి ఒక్కటే శత్రువు, అది మాత్రం గట్టి శత్రువే.

ఈ పల్లె దారుల్లో గుంపులకి పనికొచ్చే ఏర్పాటు ఒకటుంది. కూడళ్ల దగ్గర ఆకుపచ్చ అంకెలతో నంబర్ బోర్డులు ఉంటాయి. పొద్దున్నే నాలుగైదు నంబర్లు చీటీ మీద రాసుకుని బయల్దేరితే చాలు, ఫోన్ తీయక్కర్లేదు. వెనకబడ్డవాళ్లకి "తర్వాతి నంబర్ దగ్గర కలుద్దాం" అంటే సరి.

అద్దె రోజుకి సుమారు 12 నుంచి 18 యూరోలు. మీలో ఎవరైనా నెదర్లాండ్స్‌లోనే ఉంటే వాళ్లని వదలొద్దు. రైల్వే వాళ్ల ఓవీ ఫీట్స్ సైకిల్ 24 గంటలకి ఐదు యూరోలకి అటూ ఇటూగా దొరుకుతుంది, ఒక కార్డు మీద రెండు ఇస్తారు. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ల దగ్గర సొంత పేరుతో ఉండే డచ్ రవాణా కార్డు ఉండదు కనుక వాళ్లకి నేరుగా ఇవ్వరు. తాళం విషయంలో అశ్రద్ధ పనికిరాదు. వెనక చక్రానికి ఉండే రింగు తాళం ఒక్కటే చాలదు, గొలుసుని స్టాండుకి చుట్టి వేయాలి. పెట్టకూడని చోట పెడితే మునిసిపాలిటీ లారీలో ఎత్తుకెళ్లి ఊరి బయటి డిపోలో పడేస్తుంది. డబ్బు కట్టి విడిపించుకోవాలి. డబ్బుకంటే వెళ్లి రావడానికి పట్టే పూట ఎక్కువ బాధ.

డచ్ దేశమే చూడాలి, ఊరి ఒత్తిడి వద్దు అంటే ఉట్రెక్ట్ ఎందుకు చూడరు? ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో అరగంట కూడా పట్టదు. స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే స్టాండు 2019లో పూర్తయింది, సైకిళ్ల స్టాండుల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది. దేశంలో మొట్టమొదటి సైకిల్ దారి 1885లో వేసింది కూడా ఈ ఊళ్లోని మాలీబాన్ వీధిలోనే. 2017లో కట్టిన డాఫ్నె స్కిపర్స్ వంతెన ఒక బడి కప్పు మీదుగా చుట్టుకుంటూ కాలువ దాటిస్తుంది, కింద పిల్లలు ఆడుకుంటుంటారు. పొద్దున రద్దీ వేళ ఉట్రెక్ట్ కూడా తేనెతుట్టెలాగే ఉంటుంది, కానీ పది దాటాక ఊపిరాడుతుంది. మొదటిసారి వెళ్లే గుంపుకి ఆమ్‌స్టర్‌డామ్‌లో కాలినడకన ఒక రోజు, ఉట్రెక్ట్‌లో సైకిల్ మీద ఒక రోజు అనే పంపకమే నాకు నచ్చుతుంది.

నెదర్లాండ్స్‌కి ఇంకో మంచి మార్కు వేయాలి. మన డబుల్స్ ఇక్కడ తప్పు కాదు. వెనక క్యారియర్ మీద మనిషిని కూర్చోబెట్టుకుని తొక్కడం చట్టబద్ధమే, రోజూ కనబడే దృశ్యమే. అద్దె షాపు ఒప్పుకుంటుందా అన్నది వేరే సంగతి, అడిగి చూసుకోండి. జర్మనీ, డెన్మార్క్‌లలో మామూలు సైకిల్ మీద అలా పెద్దవాళ్లని ఎక్కించుకోకూడదు.

కోపెన్‌హాగన్: ఎక్కువమందికి నా ఓటు దీనికే

ఇక్కడి దారి కట్టిన తీరే వేరు. కారు రోడ్డుకంటే ఒక మెట్టు ఎత్తులో సైకిల్ దారి, దానికంటే ఇంకో మెట్టు ఎత్తులో కాలిబాట. ఎవరి మెట్టు వాళ్లది. భయస్తులకి ఆ చిన్న గట్టు ఇచ్చే ధైర్యం అంతా ఇంతా కాదు.

ఎడమ మలుపు సంగతి ఇక్కడ మనకి కలిసొచ్చింది. డెన్మార్క్‌లో సైకిల్ మీద కూడలి మధ్యకి వెళ్లి ఎడమకి తిరగకూడదు. కుడి అంచునే తిన్నగా కూడలి దాటి, అవతలి మూలన ఆగి, సైకిల్ ఎడమకి తిప్పుకుని, అటువైపు గ్రీన్ పడ్డాక వెళ్లాలి. రెండు అంచెల్లో తిరగడం కాబట్టి ఎదురొచ్చే కార్లతో తలపడే పనే లేదు. గుంపు మొత్తం ఆ మూలన మళ్లీ ఒక్కచోట చేరుతుంది కూడా. ఆగబోయే ముందు చెయ్యి భుజం దాకా ఎత్తి చూపించాలి, ఇక్కడ అందరూ పాటిస్తారు. ఇంకోటి, బస్సు ఆగినప్పుడు దిగేవాళ్లు నేరుగా సైకిల్ దారి మీదకే వస్తుంటే మీరే ఆగాలి.

స్థానికులు ఇక్కడా వేగంగానే తొక్కుతారు, పొద్దున ఎనిమిదికి నోర్‌బ్రో వీధి ఒక ప్రవాహం. ఆ వీధిలో గంటకు 20 కిలోమీటర్ల వేగంతో సాగితే వరసగా గ్రీన్ సిగ్నళ్లే తగిలేలా అమర్చారు. అది మీ గుంపు మొదటి గంటలో ప్రయత్నించాల్సిన పని కాదు. పది తర్వాత బయల్దేరండి.

ఎక్కడికంటే, హార్బర్ చుట్టూ. హావ్నెరింగన్ అని 13 కిలోమీటర్ల చుట్టు దారి ఉంది. నీటికి ఒక ఒడ్డున దక్షిణానికి వెళ్లి, రెండో ఒడ్డున తిరిగి రావడం. మధ్యలో వంతెనలు ఉన్నాయి కాబట్టి ఎవరికైనా కాళ్లు నొప్పెడితే సగంలోనే అవతలి ఒడ్డుకి దాటేసి దారి కుదించుకోవచ్చు. తక్కువ తొక్కగలిగే మనిషి ఉన్న గుంపుకి ఇంతకంటే ఏం కావాలి? న్యూహావ్న్ రంగుల ఇళ్ల దగ్గర మొదలుపెట్టి, 2016లో తెరిచిన ఇన్నర్ హార్బర్ వంతెన దాటితే క్రిస్టియన్స్‌హావ్న్. దారిలో సర్కిల్ బ్రిడ్జ్, ఇస్లాండ్స్ బ్రుగ్గె దగ్గర హార్బర్ నీళ్లలోనే ఈత కొట్టే చోటు, అదీ ఉచితమే. తువాలు పెట్టుకోండి. అక్కడికి దగ్గర్లోనే సైకిల్ పాము అని పిలిచే నారింజ రంగు వంతెన ఉంది, 2014లో కట్టారు. నడిచేవాళ్లకి ప్రవేశం లేదు, సైకిళ్లకే. నీటి మీద, భవనాల మధ్య మెలికలు తిరుగుతూ వాలుగా దించుతుంది. ఒకసారి దిగినవాళ్లు మళ్లీ వెనక్కి వెళ్లి రెండోసారి దిగడం చూశాను, అందులో నలభై దాటినవాళ్లూ ఉన్నారు.

లిటిల్ మెర్మెయిడ్ విగ్రహం కోసం ఉత్తరానికి వెళ్దామని ఎవరో అంటారు. 1913 నాటి చిన్న కంచు విగ్రహం, దాని చుట్టూ పెద్ద గుంపు. దారిలో పడితే చూడండి.

అలసిపోతే ఎస్ తోగ్ లోకల్ రైళ్లలో సైకిల్‌కి టికెట్ లేదు, 2010 నుంచి ఉచితం. పెట్టె మీద పెద్ద సైకిల్ బొమ్మ చూసి ఎక్కేయడమే. నోర్‌పోర్ట్ స్టేషన్‌లో మాత్రం పనిదినాల రద్దీ వేళల్లో సైకిల్‌తో ఎక్కనివ్వరు, దిగనివ్వరు. మెట్రోలో సైకిల్‌కి వేరే టికెట్ కావాలి.

అసలు తొక్కడమే రాని స్నేహితుడు ఉన్నాడా? ఉంటాడు, సిగ్గుపడాల్సిందేమీ లేదు. ముందు పెద్ద పెట్టె ఉండే మూడు చక్రాల కార్గో సైకిల్ ఈ ఊరి సొత్తు. క్రిస్టియానియా పేటలో పుట్టిన బండే, పిల్లల్నీ సామాన్లనీ ఇందులోనే తిప్పుతుంటారు. మనిషి కూర్చోవడానికి వీలున్నది అద్దెకి తీసుకుని వాడిని పెట్టెలో కూర్చోబెట్టండి. తొక్కేవాడు మలుపుల్లో వేగం తగ్గించాలి. రెండు చక్రాల సైకిల్‌లా అది పక్కకి వంగదు, జోరుగా తిప్పితే ఒక చక్రం లేస్తుంది.

ఖర్చే దీనికి పెద్ద మైనస్. యూరో కాదు, క్రోనర్. ఒక యూరోకి సుమారు 7.46 క్రోనర్లు. సైకిల్ అద్దె రోజుకి సుమారు 100 నుంచి 150 క్రోనర్లు, అది పెద్ద బరువేం కాదు. గదీ తిండీ కలిసేసరికి జేబు తేలికవుతుంది. వంటగది ఉన్న హాస్టల్ చూసుకుని ఒక పూట అన్నం వండుకుంటే నలుగురికీ కలిసొస్తుంది.

బెర్లిన్: జర్మనీలో ఉన్నవాళ్లకి, కథ కావాల్సినవాళ్లకి

దారుల నాణ్యతలో బెర్లిన్ పై రెండిటికీ సాటి రాదు. కొన్నిచోట్ల చక్కటి దారి, అంతలోనే అది కాలిబాట మీదకి ఎక్కుతుంది, ఇంకాస్త దూరంలో కార్ల పక్కన ఒక తెల్ల గీతే మిగులుతుంది. పక్క వీధుల్లో రాళ్లు పరిచిన రోడ్డు వెన్నెముకని లెక్కపెడుతుంది. అయినా దీన్ని పట్టికలో ఉంచడానికి రెండు కారణాలున్నాయి.

ఒకటి టెంపెల్‌హోఫ్. 2008లో మూతపడ్డ విమానాశ్రయాన్ని 2010లో పార్కుగా జనానికి వదిలేశారు. ఇళ్లు కడతామంటే 2014లో ఓటేసి మరీ వద్దన్నారు. రన్‌వే మీద సైకిల్ తొక్కొచ్చు. విమానం దిగేంత వెడల్పు, కార్లు లేవు, సిగ్నళ్లు లేవు, మొదటి పూట ఎవరైనా సరే ధైర్యంగా సీటెక్కొచ్చు. చాలాకాలానికి సైకిల్ పట్టిన మనిషికి ఇంతకంటే మంచి బడి ఇంకే రాజధానిలోనూ లేదు. చీకటి పడితే గేట్లు మూసేస్తారు.

రెండోది గోడ. 1961 నుంచి 1989 దాకా పశ్చిమ బెర్లిన్‌ని చుట్టేసిన గోడ వెంట సుమారు 160 కిలోమీటర్ల దారి ఉంది. అంతా తొక్కమనడం లేదు. బెర్నావర్ వీధి స్మారకం దగ్గర మొదలుపెట్టి, బ్రాండెన్‌బర్గ్ గేట్ మీదుగా, ఈస్ట్ సైడ్ గ్యాలరీలో మిగిలిన 1.3 కిలోమీటర్ల బొమ్మల గోడ దాకా ఒక రోజు పెట్టుకోండి. ఊరి నడుమ గోడ లేనిచోట నేల మీద రెండు వరసల రాళ్లు పొదిగి ఉంటాయి. వాటిని వెతుక్కుంటూ వెళ్తుంటే ఇప్పుడు తూర్పున ఉన్నామా పడమరన ఉన్నామా అన్న వాదన మీ గుంపులోనే మొదలవుతుంది. నడిచి చూడాలంటే దూరం ఎక్కువ, బస్సులోంచి ఆ గీత కనబడదు, సైకిల్‌కి సరిగ్గా సరిపోతుంది. తర్వాత మంగళవారమో శుక్రవారమో అయితే మేబాఖూఫర్ కాలువ ఒడ్డున టర్కిష్ సంత ఉంటుంది. మాంసం తిననివాళ్లకీ కడుపు నిండుతుంది.

జర్మనీలో చదువుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి, డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్లూ బస్సులూ ఎక్కే నెల పాసు) మీకే వర్తిస్తుంది, మీ సైకిల్‌కి కాదు. సైకిల్ మోసుకెళ్లడం మానేసి అక్కడే అద్దెకి తీసుకోవడం నయం. బీరు ఖాతా కూడా దగ్గర పెట్టుకోండి. రక్తంలో మద్యం వెయ్యికి 1.6 దాటితే సైకిల్ మీద ఉన్నా అది క్రిమినల్ కేసే. వీసా మీద ఉన్నవాళ్లకి ఆ తలనొప్పి అవసరమా?

పారిస్: సైకిల్ పక్కవాద్యంగా ఉండాలంటే

పదేళ్ల కిందటైతే స్నేహితులతో పారిస్‌లో సైకిలా అని నవ్వేవాణ్ణి. 2020లో రివోలి వీధిలో కార్లని చాలావరకు తీసేసి సైకిళ్లకిచ్చారు, లూవ్ర్ గోడ పక్కనే బాస్తీల్ నుంచి కాంకోర్డ్ దాకా తొక్కుకుంటూ పోవచ్చు. సేన్ నది కుడి ఒడ్డున కార్ల రోడ్డుని 2017లో పార్కుగా మార్చారు. అక్కడ నడిచేవాళ్లదే రాజ్యం, మెల్లగా వెళ్లాలి. సెయింట్ మార్టిన్ కాలువ నుంచి లా విల్లెట్ చెరువు, అట్నుంచి ఉర్క్ కాలువ గట్టు మీదుగా తూర్పుకి పోయే దారి మాత్రం నిజంగా తీరికైనది. ఆర్క్ ద ట్రయాంఫ్ చుట్టూ ఉండే చక్రబంధంలోకి ఏ ధైర్యవంతుడు పిలిచినా వెళ్లకండి.

ఇక్కడ షాపు సైకిల్ కంటే వెలీబ్ నయం. 2007లో మొదలైన ఊరుమ్మడి సైకిళ్లు, ఇప్పుడు ఊరూ శివార్లూ కలిపి 1,400 దాకా స్టేషన్లు. ఆకుపచ్చవి మామూలువి, నీలివి కరెంటువి. మ్యూజియం దగ్గర దిగి అప్పగించేస్తే తాళం గొడవే లేదు. ఒకే ఖాతా మీద ఐదు సైకిళ్ల దాకా తీయొచ్చు. కానీ ఒక్కో సైకిల్‌కి 300 యూరోలు కార్డు మీద హోల్డ్ చేస్తారు. ఐదు తీస్తే 1,500. హైదరాబాద్ నుంచి వచ్చినవాడి డెబిట్ కార్డు మీద ఈ ప్రయోగం చేయకండి. సైకిల్ తీసేముందు టైరు నొక్కి చూడండి, బ్రేకు పట్టి చూడండి, చైన్ మీదకి ఒక చూపు వేయండి. సీటు వెనక్కి తిప్పి ఉందంటే అది పాడైన సైకిల్ అని ముందు వాడినవాళ్లు చెప్పిపోయినట్టు లెక్క, దాని జోలికి వెళ్లొద్దు.

గుంపుకి వెలీబ్‌తో ఒక తంటా ఉంది. నలుగురు కలిసి స్టేషన్‌కి చేరితే రెండే ఖాళీలు ఉంటాయి. ఇద్దరు అప్పగించి, ఇద్దరు తర్వాతి స్టేషన్ వెతుక్కుంటూ పోవాలి. ముగ్గురికి మించితే పారిస్ నా మొదటి ఎంపిక కాదు.

వియన్నా కూడా అడుగుతుంటారు. డాన్యూబ్ మధ్యలో 21 కిలోమీటర్ల పొడవునా తవ్వి పోసిన దీవి ఉంది, కార్లు లేవు, ఎండాకాలంలో ఈత కూడా. ఊరు చూడ్డానికి వెళ్లి ఒక రోజు దీవికి కేటాయిస్తే బాగుంటుంది, సైకిల్ కోసమే అంత దూరం వెళ్లమని మాత్రం చెప్పను.

షాపా, యాపా, కరెంటు సైకిలా?

రోజంతా కలిసి తిరగాలంటే షాపే. ఒకే రకం సైకిళ్లు వస్తాయి, సీట్లు సరిచేసిస్తారు, పంక్చరైతే ఫోన్ చేయడానికి ఒక మనిషుంటాడు. యాప్ సైకిల్ చిన్న చిన్న ముక్కల ప్రయాణానికి, రాత్రి భోజనానికి వెళ్లి రావడానికి. దానికి రోమింగూ కార్డూ పనిచేస్తుండాలి. ఇండియా కార్డైతే అంతర్జాతీయ లావాదేవీలు ముందే ఆన్ చేసుకోవాలి.

కరెంటు సైకిల్ గురించి గుంపుల్లో అందరూ తలకిందులుగా ఆలోచిస్తారు. సరదాగా ఉంటుందని బాగా తొక్కేవాడే దాన్ని లాక్కుంటాడు. అది ఇవ్వాల్సింది వెనకబడే మనిషికి. వాటర్‌లాండ్ లాంటి గాలి మైదానంలో అప్పుడు నలుగురూ ఒకే వేగంతో సాగుతారు. ఊరి నడిమధ్య రద్దీలో మాత్రం చేతులు తిరగనివాళ్లకి మోటారు ఇవ్వొద్దు.

గుంపులో ముందు దారి తెలిసినవాడు, చిట్టచివర బాగా తొక్కేవాడు ఉండాలి. సిగ్నల్ మధ్యలో మారి ఇద్దరు ఇవతల ఉండిపోతే ముందువాళ్లు దారి మీద కాకుండా కాలిబాట ఎక్కి ఆగాలి. పక్కపక్కన ఇద్దరికి మించి వెళ్లొద్దు, వెనక నుంచి బెల్ వినబడగానే ఒకే వరస.

మీ గుంపులో ఒక్కరైనా భయస్తులుంటే, ఖర్చు భరించగలిగితే, కోపెన్‌హాగన్. డబ్బు చూసుకోవాలి, అందరూ జర్మనీలోనే ఉన్నారంటే బెర్లిన్, మొదటి పూట టెంపెల్‌హోఫ్‌లో. నెదర్లాండ్స్‌లో ఉండే స్నేహితుడి ఇంట్లో దిగుతున్నారంటే ఉట్రెక్ట్, పల్లెల వైపు ఒక రోజు. అందరూ రోజూ తొక్కేవాళ్లే అయితే ఆమ్‌స్టర్‌డామ్‌ని మించింది లేదు. ఇద్దరు ముగ్గురే, మ్యూజియంలూ తిండీ ముఖ్యం అంటే పారిస్. నెలలు మే చివరి నుంచి సెప్టెంబర్ మొదటి వారాల దాకా. జూన్‌లో కోపెన్‌హాగన్‌లో రాత్రి పది దాకా వెలుతురే. ఈస్టర్‌కే తప్పదంటే చేతి గ్లౌజులూ వాన జాకెట్టూ మర్చిపోవద్దు. ఆరుగురికి మించి తేలితే ఏ ఊరైనా రెండు జట్లుగా విడిపొండి. రెండు జట్లకీ రెండు దారులు, మధ్యాహ్నం భోజనానికి ఒకే చోటు.